14 లీటర్ల పెట్టెలో మృదంగం ఎడమ చెయ్యి: పర్లాకిమిడిలో ఒక కేసు

మృదంగం నేర్పే ఒక మాస్టారి ఇంట్లో రెండు చిన్న స్పీకర్ పెట్టెల బాస్ సరిచేసిన కేసు ఇది. పెట్టెలు అవే, ఊఫర్లు (బాస్ పలికే పెద్ద స్పీకర్లు) అవే, ఆంప్లిఫయర్ కూడా అదే. మారినవి ఒక కెపాసిటర్, ఒక పైపు ముక్క, నాలుగు రూపాయల ఐసీతో చేసిన చిన్న ఫిల్టర్, ఒక కుర్చీ ఉన్న చోటు. లెక్కలతో సహా రాస్తున్నాను. ఇలాంటి పెట్టెలు మా పర్లాకిమిడిలోనూ, బోర్డరు దాటితే వచ్చే పాతపట్నంలోనూ వీధికి పది ఉంటాయి, అన్నిటి మీదా ఫిర్యాదు దాదాపు ఒకటే.

మా ఊరు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇప్పుడు ఒడిశాలో ఉంది కాబట్టి షాపు బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది. భజనలు, మృదంగం, కర్ణాటక కచేరీ అలవాటు ఇంకా పోలేదు. అందుకే ఇక్కడ నా రిపేరు షాపుకి డీజే పెట్టెల వాళ్లతో పాటు ఇలాంటి శ్రోతలు కూడా వస్తుంటారు.

ఫిర్యాదు

మాస్టారు సాయంత్రం పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసి, బ్లూటూత్‌లో ఈ పెట్టెల మీద పెట్టి, పిల్లల వాయింపు పిల్లలకే వినిపిస్తారు.

"ఏటి బాబూ, కుడి చెయ్యి ఖంగుమని పలుకుతంది గానీ ఎడమ చెయ్యే ఉండట్లేదు. గుమ్కీ ఏస్తే ఒక దగ్గిర బొయ్యిమంటది, జారి కిందికొచ్చేసరికి మాయమైపోద్ది" అన్నారు.

గుమ్కీ అంటే మృదంగం ఎడమ మూత మీద జారుతూ పలికే లోతైన స్వరం. మామూలుగా జనం "బాస్ లేదు" అని ఊరుకుంటారు. ఈయన చెవి ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ పోతోందో చెప్పేసింది. ఒకచోట ఉబ్బి దాని కిందే మాయమైతే ముందుగా అనుమానించాల్సింది పెట్టె ట్యూనింగ్‌ని, అంటే పెట్టెలో గాలీ దాని పైపులో గాలీ కలిసి మోగే ఫ్రీక్వెన్సీని. అన్నిచోట్లా సమానంగా తక్కువైతే వేరే సంగతి.

ఇంట్లో అమ్మగారి షరతు ఒకటి. "బీరువాలంత పెట్టెలు తెచ్చి హాల్లో పెడతానంటే ఒప్పుకోను నాయనా. ఉన్నవాటితోనే ఏదో చెయ్యి." మనవడిది ఇంకో కోరిక: దసరా పందిట్లో 18 అంగుళాల పెట్టెలు గుండె మీద కొట్టినట్టు ఇవీ కొట్టాలట. ఈ ముగ్గురిలో ఎవరి మాట తీరుతుందో తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే డబ్బు దండగ.

పెట్టె లోపలి కొలతలు 34, 20, 22 సెంటీమీటర్లు. అంటే దాదాపు 15 లీటర్లు. ఊఫర్, పైపు ఆక్రమించింది తీసేస్తే మిగిలేది 14 లీటర్లు. 12 ఎంఎం పార్టికల్ బోర్డు. ఆరున్నర అంగుళాల 4 ఓమ్‌ల ఊఫర్. ముందు పలకలో 5 సెం.మీ. వ్యాసం, 4 సెం.మీ. పొడవు ఉన్న ప్లాస్టిక్ పైపు. ఆంప్లిఫయర్ పాత టీడీఏ2030 ఐసీ బోర్డు, సింగిల్ సప్లై (ప్లస్, మైనస్ రెండూ కాక ఒకే ఓల్టేజీతో నడిచేది).

ఎంత లోతుకి వెళ్లాలి

మాస్టారి మృదంగాన్ని ఎదురుగా వాయించమని ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ తెరిచాను. ఎడమ మూత మూల స్వరం 70, 90 హెర్ట్జ్ మధ్య తిరుగుతోంది. గుమ్కీలో అక్కణ్నించి పైకి జారుతుంది, మళ్లీ కిందికొస్తుంది. కాబట్టి నాకు కావాల్సింది 60 హెర్ట్జ్ దాకా సాఫీగా దిగే పెట్టె. 40 అక్కర్లేదు, 30 అసలే అక్కర్లేదు.

ఈ ఒక్క నిర్ణయం మీదే మిగతా పని అంతా ఆధారపడింది. అదే శబ్దస్థాయిలో ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 80 నుంచి 40కి దిగాలంటే కోను (ఊఫర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు భాగం) నాలుగు రెట్లు ఎక్కువ గాలిని తొయ్యాలి. ఈ ఊఫర్ కోను ముందుకీ వెనక్కీ నాలుగేసి మిల్లీమీటర్లు మాత్రమే హాయిగా కదులుతుంది. మనవడికి కావాల్సిన దెబ్బ ఈ కోనులో లేదు. అమెరికా స్పీకర్ల కంపెనీ కేఎల్‌హెచ్ పేరులో చివరి అక్షరం హాఫ్‌మన్‌ది. ఆయన పేరు మీద ఈ రంగంలో ఒక ఉక్కు సూత్రం చెప్పుకుంటారు: చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ పవర్‌తో గట్టి శబ్దం, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. షాపుకొచ్చే ప్రతివాడూ మూడూ అడుగుతాడు. మాస్టారి గది చిన్నది, ఆయన వినేది మాటల స్థాయికి కొంచెం పైన. కాబట్టి వదులుకోవాల్సింది గట్టితనమేనని అక్కడే చెప్పేశాను. ఆయన ఒప్పుకున్నారు, మనవడు ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి. ఇదే రికార్డింగ్ ఫోన్లో నేరుగా వింటే పిల్లలకి ఎడమ చెయ్యి వినిపిస్తున్నట్టే ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో 80 హెర్ట్జ్ పుట్టదు. దాని రెట్టింపు, మూడింతల స్వరాలు వినపడితే చాలు, మూల స్వరాన్ని మన మెదడే కల్పించుకుంటుంది. అందుకే "ఫోన్లో బాగానే ఉంది కదా" అన్న వాదనని నేను లెక్కలోకి తీసుకోను.

ముందు కారిపోతున్నది ఆపడం

బాస్ పెంచే ముందు అది ఎక్కడెక్కడ పోతోందో చూడాలి. మొదటిది పోలారిటీ. ఒక పెట్టెకి తీగలు తిరగబడితే రెండు కోనులు ఎదురెదురుగా కదిలి బాస్‌ని చంపేసుకుంటాయి. 1.5 ఓల్టుల పెన్సిల్ సెల్‌ని క్షణం తాకిస్తే చాలు, రెండు కోనులూ ఒకే వైపు కదలాలి. ఇక్కడ సరిగ్గానే ఉన్నాయి.

రెండోది గాలి లీకు. పైపు నోరు అరచేత్తో మూసి కోనుని మెల్లగా నొక్కి వదిలితే, మంచి పెట్టెలో అది బద్ధకంగా వెనక్కి వస్తుంది. కుడి పెట్టెలో టక్కున వచ్చేసింది. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి వెనక అతుకుల వెంట అగరుబత్తి తిప్పాను. అడుగు మూలలో పొగ వణికింది. వానాకాలం చెమ్మకి పార్టికల్ బోర్డు ఉబ్బి, పలకల మధ్య గోరు దూరేంత సందు పడింది. ఫెవికాల్‌లో రంపపుపొడి కలిపి కూరి, లోపలి నుంచి టేకు బద్ద ఒకటి బిగించాను. ఊఫర్ చట్రం కింద స్పాంజ్ టేపు వేశాను.

మూడోది ఆంప్లిఫయర్‌లో దొరికింది. సింగిల్ సప్లై బోర్డులో స్పీకర్‌కి వెళ్లే దారిలో పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉంటుంది. ఎప్పుడో రిపేరులో ఎవరో 470 మైక్రోఫారడ్ వేసి పంపారు. 4 ఓమ్‌ల లోడుతో అది 85 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్, అంటే సగం పవర్, కోసేస్తుంది. సరిగ్గా మృదంగం ఎడమ మూత ఉన్న చోట! 2200 వేస్తే కోత 18 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. స్పీకర్ ఇంపిడెన్స్ (కరెంటుకి అది చూపే అడ్డు) ఫ్రీక్వెన్సీతో మారుతుంది కాబట్టి అసలు నష్టం ఈ లెక్కంత నిక్కచ్చిగా ఉండదు, దిశ మాత్రం ఇదే. పాత సింగిల్ సప్లై బోర్డు ఎవరు తెచ్చినా నేను ముందు ఈ కెపాసిటర్ మీదున్న అంకె చదువుతాను.

రవ్వ ముద్ద, మైనం ముద్ద

ఇక ఊఫర్ గుణాలు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, 1970ల తొలి ఏళ్లలో రిచర్డ్ స్మాల్ పూర్తి చేసిన పద్ధతే ఇప్పటికీ అందరూ వాడేది. ఊఫర్‌కి మూడు సంఖ్యలు తెలిస్తే పెట్టె దానంతట అదే తేలుతుంది: దాని సొంత అనునాద ఫ్రీక్వెన్సీ, ఆ అనునాదం ఎంత అదుపులో ఉందో చెప్పే క్యూటీఎస్, కోను సస్పెన్షన్ ఎంత మెత్తనో గాలి లీటర్లలో చెప్పే వాస్. పేరులేని ఊఫర్‌కి డేటా షీట్ ఉండదు, కొలుచుకోవాల్సిందే. లాప్‌టాప్ సౌండ్‌కార్డు, వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టర్, ఉచితంగా దొరికే కొలత ప్రోగ్రాం ఉంటే చాలు.

పెట్టెలోంచి విప్పిన ఊఫర్ ఇంపిడెన్స్ గీత 52 హెర్ట్జ్ దగ్గర శిఖరం చూపించింది, అదే దాని అనునాదం. వాస్ కోసం కోను మధ్యలో తెలిసిన బరువు అంటించి మళ్లీ కొలవాలి. పక్కనున్న బంగారం కొట్టు త్రాసులో 10 గ్రాముల మైనం తూయించి అంటించాను. శిఖరం 40కి దిగింది. దాన్నిబట్టి కదిలే భాగం బరువు పధ్నాలుగున్నర గ్రాములు, వాస్ 16 లీటర్లు, క్యూటీఎస్ 0.45.

ఇదంతా బల్ల పక్కన నిలబడి చూస్తున్న మాస్టారు నవ్వారు. "ఇదేదో మా రవ్వ పనే గదా బాబూ." నిజమే. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతారు, బరువు పెరిగి స్వరం దిగుతుంది. కోను మీద మైనం చేసింది అదే. మరి అలాగే ఉంచెయ్యొచ్చు కదా అని ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న. ఉంచితే స్వరం దిగుతుంది గానీ, అదే పవర్‌కి శబ్దం నాలుగున్నర డెసిబెల్ తగ్గుతుంది. క్యూటీఎస్ 0.45 నుంచి 0.58కి పాకి బాస్ బురదగా మారుతుంది. 14 వాట్ల బోర్డుతో అంత వదులుకోలేం. కొన్ని చిన్న బ్లూటూత్ స్పీకర్లు బరువైన కోను పెట్టి, పెద్ద పవర్‌తో తోసి, ఈ బేరాన్నే ఆడతాయి. మనకి ఆ పవర్ లేదు.

మూత పెట్టెనా, పైపు పెట్టెనా

పూర్తిగా మూసేసిన పెట్టె నాకిష్టం. ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో చూపించింది అదే: మూసిన చిన్న పెట్టెలో గాలినే స్ప్రింగులా వాడుకోవచ్చు. లెక్క కట్టాను. 14 లీటర్లు మూసేస్తే అనునాదం 76కి ఎక్కుతుంది, దాని అదుపు చెప్పే సంఖ్య (క్యూ) 0.66. శబ్దం 3 డెసిబెల్ పడిపోయే చోటు 82 హెర్ట్జ్. అక్కణ్నించి ఆక్టేవ్‌కి 12 డెసిబెల్ చొప్పున సాఫీగా దిగుతుంది. అందంగా దిగుతుంది గానీ ఎడమ మూత సగం ఆ దిగుడులోనే ఉండిపోతుంది. ఈక్వలైజర్‌తో లేపాలంటే ప్రతి 3 డెసిబెల్‌కీ పవర్ రెట్టింపు కావాలి, 10 డెసిబెల్‌కి పది రెట్లు. బాస్ నాబ్ చివరిదాకా తిప్పి "పగిలిపోతంది" అని తెచ్చే సెట్లన్నిటి కథా ఇదే. పగిలేది స్పీకర్ కాదు, ముందు ఆంప్లిఫయర్ నెత్తి తగిలి అలలు కత్తిరించుకుపోతాయి.

పైపు పెట్టెకైతే ఈ ఊఫర్ 23 లీటర్లు అడుగుతోంది. అమ్మగారు 14 ఇచ్చారు. పాత పైపు ట్యూనింగ్ చూస్తే లెక్కలో 74 హెర్ట్జ్ వచ్చింది, ఇంపిడెన్స్ గీతలో రెండు గుట్టల మధ్య లోయ 75 దగ్గర కనిపించింది. మాస్టారి చెవి చెప్పిన రోగం గీతలో అచ్చంగా కనపడింది. 80, 90 దగ్గర ఉబ్బు, దాని కింద ఆక్టేవ్‌కి 24 డెసిబెల్ చొప్పున దిగుడు. షాపులో పెట్టి వినిపిస్తే ఆ ఉబ్బు "మంచి బాస్"లా అనిపిస్తుంది, అమ్ముడుపోతుంది. తయారుచేసినవాళ్లు పొట్టి పైపు వెయ్యడానికి ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందనుకోను.

50 హెర్ట్జ్‌కి దించాలని నిర్ణయించాను. ఇంకా కిందికి వెళ్తే 14 లీటర్లలో 60, 70 దగ్గర పైపు సాయం పలచబడిపోతుంది. పైపు పొడవుకి నేను వాడే లెక్క ఇది: వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 23,562తో గుణించాలి. దాన్ని ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ పెట్టె లీటర్లతోనూ భాగించాలి. వచ్చిన దాంట్లోంచి వ్యాసానికి 0.73 రెట్లు తీసేస్తే పొడవు వస్తుంది. 5 సెం.మీ. వ్యాసానికి 13 సెం.మీ. చిల్లర వచ్చింది. పెట్టె లోతు 22. పైపు వెనక నోటికీ వెనక పలకకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి, ఇక్కడ దాదాపు 9 ఉంది.

వెడల్పాటి పైపు వేస్తే గాలి ఊదుడు తగ్గుతుంది. ఆశ అందరికీ ఉంటుంది. లోపలి వ్యాసం 5.8 ఉన్న నీటి పైపు తీసుకుంటే అదే 50 హెర్ట్జ్‌కి 18 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ పెట్టెలో వెనక పలకకి ఆనుకున్నంత పని అవుతుంది, ఎల్బో వెయ్యాలి, ఎల్బో మళ్లీ లీటర్లు తినేస్తుంది. పైపులో గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకూడదని డిజైనర్లు గీత గీసుకుంటారు. గట్టిగా పెడితే 5 సెం.మీ. పైపులో అది దాటుతుంది, తుస్సుమంటుంది. మాస్టారు పెట్టే వాల్యూమ్‌లో దాటదు. కాబట్టి 5తోనే సరిపెట్టుకున్నాను.

పైపు ఎప్పుడూ పొడుగ్గా మొదలుపెట్టి కోసుకుంటూ రావాలి, అతికించడం కష్టం. 15 సెం.మీ. పెట్టి కొలిస్తే లోయ 47 దగ్గర పడింది. 13కి కోశాక 50కి వచ్చింది. లోపలి అంచుని వేడిచేసి గుండ్రటి సీసా మెడ మీద నొక్కితే బూర నోరులా విచ్చుకుంటుంది. తుస్సు కొంత తగ్గడానికి ఇది పనికొస్తుంది. పక్క పలకల మధ్య అడ్డంగా ఒక కర్ర బిగించాను. వేలితో కొడితే డబడబలాడే పలక టక్‌మనాలి, అప్పటికి చాలు. గోడలకి దిండు దూది పల్చగా అంటించాను, పైపు నోటి దగ్గర మాత్రం వెయ్యలేదు. దూది కుక్కితే పెట్టె రెట్టింపవుతుందని కొందరంటారు. సిద్ధాంతంలోనే అది 1.4 రెట్లకి మించదు, పనిలో అందులో సగం వస్తే గొప్ప. అదీ మూసిన పెట్టెకి. పైపు పెట్టెలో ఎక్కువ కుక్కితే పైపు పని చెడుతుంది.

ఫిల్టర్

పైపు పెట్టెకి ఒక ప్రమాదం ఉంది. ట్యూనింగ్ కన్నా కింది ఫ్రీక్వెన్సీలో కోనుకి వెనక గాలి ఆసరా పోతుంది, వదులుగా ఊగిపోతుంది. ఫోన్ బల్ల మీద తగిలిన చప్పుడు, ఫ్యాన్ గాలి మైకులో కొట్టిన గుప్పు, ఇవన్నీ రికార్డింగ్‌లో ఉంటాయి. చెవికి వినపడవు గానీ కోనుని, పవర్‌ని తినేస్తాయి. 4558 ఐసీతో ఒక రెండో ఆర్డర్ హైపాస్, అంటే కింది ఫ్రీక్వెన్సీల్ని కోసి పైవాటిని వదిలే ఫిల్టర్, వేశాను. వరుసగా రెండు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. వాటి మధ్య నుంచి ఔట్‌పుట్‌కి 27 కిలో ఓమ్. రెండో కెపాసిటర్ తర్వాత 56 కిలో ఓమ్. సింగిల్ సప్లై కాబట్టి ఆ 56 రెండో కొస గ్రౌండ్‌కి పోకూడదు, సగం ఓల్టేజీ బిందువుకి పోవాలి. కోత 41 హెర్ట్జ్ దగ్గర. 60 దగ్గర ఒక డెసిబెల్ కూడా పోదు. కోను ఊగుడు కంటికే తగ్గినట్టు కనపడింది, అదే వాల్యూమ్‌లో మృదంగం దెబ్బ గట్టిపడింది.

కుర్చీ

పెట్టెలు ఇంటికి తెచ్చి పెట్టాక మొదటి మాట మనవడిది: "బాస్ తగ్గిపోయింది అంకుల్." తగ్గింది కూడా. 85 దగ్గరి ఉబ్బు పోయింది, వాడి చెవి దానికి అలవాటుపడింది. మాస్టారు మాత్రం గుమ్కీ ఒక్కటి పదేపదే పెట్టించుకుని విన్నారు. "జారుడు మొత్తం వస్తంది. కానీ అడుగున ఇంకా ఏదో గుంట ఉంది."

ఆ గుంట పెట్టెలో లేదు. గది 12 అడుగుల పొడవు. అంత పొడవులో నిలిచే మొదటి అల సుమారు 47 హెర్ట్జ్, సరిగ్గా గది మధ్యలో దాని శబ్దపీడనం సున్నాకి దగ్గరపడుతుంది. మాస్టారి కుర్చీ సరిగ్గా గది మధ్యలో, ఫ్యాన్ కింద ఉంది. దాని ప్రభావం 50, 60 దాకా పాకుతుంది. కుర్చీని వెనక గోడకి రెండడుగుల దూరానికి జరిపించాను. అటక మీదున్న పెట్టెల్ని దించి బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టాం. గోడ దగ్గరైతే బాస్ వెనక్కి పోకుండా ముందుకే తిరిగొస్తుంది, ఖర్చులేని డెసిబెల్‌లు. మూలకి పూర్తిగా తోసేస్తే మళ్లీ ఉబ్బు మొదలవుతుంది, అందుకని మూల వదిలేశాం. ఫ్యాన్ కింద కుర్చీ పోయినందుకు మాస్టారు కొంత గొణిగారు. అమ్మగారు టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టారు.

అదే ఫోన్, అదే టోన్, పనికి ముందు పాత చోటుకీ పని అయ్యాక కొత్త చోటుకీ తేడా చూస్తే 60 హెర్ట్జ్ దగ్గర 11 డెసిబెల్ పెరిగింది, 85 దగ్గర 3 తగ్గింది. ఫోన్ మైకు చెప్పే అసలు స్థాయిని నమ్మను, ఒకే మైకుతో తీసిన తేడాని నమ్ముతాను. ఆ 11లో పెద్ద వాటా పైపుది. తర్వాత కెపాసిటర్, కుర్చీ ఒకదానికొకటి తీసిపోవు. దూది వల్ల వచ్చింది కొలతకి అందలేదు.

ఒక చిన్న పిల్ల తన వాయింపు విని, "మాస్టారూ, నా ఎడమ చెయ్యి ఆలస్యంగా పడతంది" అని తనే పట్టుకుంది. మాస్టారికి ఈ పెట్టెలు కావాల్సింది ఇందుకే.

వాల్యూమ్ మూడు వంతులు దాటితే పైపు తుస్సుమంటుంది, నాబ్ మీద అక్కడ తెల్ల పెయింటుతో గీత పెట్టి ఇచ్చాను. మనవడికి 40 హెర్ట్జ్ కావాలంటే విడిగా 10 అంగుళాల సబ్‌ఊఫర్, దానికో ఆంప్లిఫయర్ పడతాయి. అది పట్టే చోటు సంగతి అమ్మగారితో వాడే మాట్లాడుకోవాలి. కుడి పెట్టె వెనక పలక మాత్రం వచ్చే వానలకి ఆగదు. 18 ఎంఎం ప్లైవుడ్‌తో మార్చడానికి కొలతలు వడ్రంగికి ఇచ్చాను. మందం పెరిగినంత మేర పలకని బయటివైపుకే బిగించమన్నాను, లోపలి 14 లీటర్లు తగ్గితే పైపు మళ్లీ కోసుకోవాలి.